అడాప్టర్‌తో ఫాస్ట్ ఛార్జింగ్ మొరాయిస్తే ముందు గడియారం చూడండి

ఇరవై రెండేళ్లు సబ్‌స్టేషన్లలో రిలేలు, బ్రేకర్లు పరీక్షించాను. లైను ట్రిప్ అయిందని కబురు రాగానే మేము మొదట అడిగే ప్రశ్న, ఎన్నో సెకనులో అయింది అని. వేళ తెలిస్తే సగం కారణం చేతికి చిక్కినట్టే. మా తమ్ముడు విద్యుత్ కారు కొని, దాని పోర్టుకు సరిపడని ఛార్జర్ల కోసం ఒక అడాప్టర్ తీసుకున్నప్పటి నుంచి ఆ పాత అలవాటు నాకు మళ్లీ అక్కరకు వచ్చింది.

వాడు ఫోను చేసేవాడు. "అక్కా, ఈ అడాప్టర్ పనికిరాదు. మళ్లీ ఆగిపోయింది."

"ప్లగ్ పెట్టాక ఎంతసేపటికి ఆగింది?"

మొదట్లో వాడి దగ్గర జవాబు ఉండేది కాదు. ఎర్ర లైటు వెలిగింది అనేవాడు, అంతే. రెండు మూడు సార్లు అడిగాక వాడే ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు తెలిసింది, వాడి కారుకు ఒకటి కాదు, మూడు వేర్వేరు తగాదాలున్నాయని. మూడింటికీ నింద మాత్రం అడాప్టరే మోసింది. మీరు కూడా అడాప్టర్‌ను పారేసే ముందు, లేదా ఛార్జరును తిట్టుకునే ముందు, ఒక్కసారి గడియారం చూడండి. ఆగిన వేళను బట్టి ఏమి చేయాలో కింద చెబుతాను.

మీ చేతిలో ఉన్నది ఏ రకం?

ఫాస్ట్ ఛార్జింగ్ అడాప్టర్లలో రెండు జాతులున్నాయి. మొదటిది వట్టి దారి. ఒక వైపు ఒక ఆకారంలో పిన్నులు, మరో వైపు మరో ఆకారంలో, మధ్యలో లావుపాటి రాగి కడ్డీలు, రెండు మూడు సన్నటి సంకేతపు తీగలు, చాలావాటిలో వేడిని కనిపెట్టే ఒక సెన్సర్. సీసీఎస్ 1 (అమెరికాలో చాలా కంపెనీల కార్లకు ఉండే ఫాస్ట్ ఛార్జింగ్ పోర్టు), ఎన్‌ఏసీఎస్ (టెస్లా తెచ్చిన పోర్టు), ఈ రెండింటి మధ్య వాడేవి ఈ రకం. ఆకారాలు వేరైనా రెండు వైపులా ఒకే భాష మాట్లాడతారు కాబట్టి నడుమ దుబాసీ అక్కర్లేదు.

రెండో జాతిలో దుబాసీ ఉంటాడు. చాడెమో (జపాన్‌లో పుట్టిన మరో రకం ఫాస్ట్ ఛార్జింగ్) పోర్టు ఉన్న కారును సీసీఎస్ ఛార్జరుకు కలిపేవి ఇలాంటివి. చాడెమో కారు క్యాన్ అనే పద్ధతిలో మాట్లాడుతుంది, సీసీఎస్ ఛార్జరు పైలట్ అనే సంకేతపు తీగ మీదుగా పూర్తిగా వేరే పద్ధతిలో మాట్లాడుతుంది. ఒకరి మాట మరొకరికి చేరవేసే చిన్న కంప్యూటర్, దాన్ని నడిపే చిన్న బ్యాటరీ అడాప్టర్ లోపలే ఉంటాయి. ఆ లోపలి బ్యాటరీ దిగిపోతే అడాప్టర్ ఉలకదు, పలకదు. కొన్ని వారాలు వాడకుండా పక్కన పెట్టి, ఒక్కసారిగా తీసి ప్లగ్ చేసేవారికి ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. బయలుదేరే ముందు రోజు రాత్రి దాన్ని యూఎస్‌బీ తీగతో ఛార్జింగ్‌కు పెట్టండి. ఫలానా ఛార్జరు దగ్గర మాత్రమే పనిచేయడం లేదంటే, తయారీదారు కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చారేమో చూసి ఎక్కించుకోండి. దుబాసీకి కొత్త యాసలు నేర్పడం లాంటిది అది, చాలాసార్లు అంతటితో సమస్య తీరుతుంది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఎన్‌ఏసీఎస్ ప్లగ్‌లో ఏసీ కరెంటు, డీసీ కరెంటు రెండూ అవే రెండు పెద్ద పిన్నుల గుండా వస్తాయి. అందువల్ల ఇంటి దగ్గర నెమ్మదిగా ఛార్జింగ్ చేసుకోవడానికి ఇచ్చే ఏసీ అడాప్టర్‌లోకి ఫాస్ట్ ఛార్జరు ప్లగ్ కూడా దూరుతుంది. దూరినంత మాత్రాన అది దాని పని కాదు. ఏసీ అడాప్టర్ చిన్నది, తేలికైనది, దాని మీద పదుల ఆంపియర్లే రాసి ఉంటాయి. డీసీ అడాప్టర్ మీద వందల ఆంపియర్లు, 500 లేదా 1000 వోల్టులు అని ఉంటుంది. ఆ అక్షరాలు చదవకుండా ఏదీ పెట్టవద్దు. ఒక అడాప్టర్‌కు మరో అడాప్టర్ తగిలించి వాడటం ఎప్పుడూ చేయవద్దు. కొనేటప్పుడు యూఎల్ 2252 ప్రమాణం కింద పరీక్షించినదేనా అని చూడండి, అది ప్రత్యేకంగా విద్యుత్ కార్ల అడాప్టర్ల కోసమే రూపొందిన ప్రమాణం.

ప్లగ్ దిగిన క్షణం నుంచి కరెంటు పారేదాకా

గడియారాన్ని చదవాలంటే లోపల ఏ వరుసలో ఏమి జరుగుతుందో తెలియాలి. సీసీఎస్ పద్ధతినే తీసుకుందాం, ఎన్‌ఏసీఎస్ డీసీ ఛార్జింగ్ కూడా ఇదే మాట్లాడుతుంది.

ప్లగ్ పూర్తిగా దిగిందా లేదా అన్నది కారు ఒక సన్నటి తీగ ద్వారా కనిపెడుతుంది. దాన్ని ప్రాక్సిమిటీ తీగ అంటారు. పక్కనే పైలట్ తీగ ఉంటుంది. ఛార్జరు దాని మీద 12 వోల్టులు పెట్టి కూర్చుంటుంది. కారు తగలగానే అది 9కి పడుతుంది, కారు సిద్ధం అనగానే 6కు పడుతుంది. అదే తీగ మీద సెకనుకు 1000 సార్లు కొట్టుకునే ఒక సంకేతం కూడా ఉంటుంది. ఒక్కో అలలో అది 5 శాతం సేపు మాత్రమే పైన నిలిస్తే, ఇక మాటల్లో మాట్లాడుకుందాం అని అర్థం. అప్పుడు కారు, ఛార్జరు అదే తీగ మీద డేటా పంపుకోవడం మొదలుపెడతాయి. నాకు ఎన్ని వోల్టులు కావాలి, నువ్వు ఎంత ఇవ్వగలవు అని ఒప్పందం కుదుర్చుకుంటాయి.

తర్వాత ప్లగ్‌కు తాళం పడుతుంది. ఛార్జరు కేబుల్‌లోకి అధిక వోల్టేజి పంపి ఇన్సులేషన్ బాగుందా లేదా అని పరీక్షిస్తుంది. బాగుంటే తన వోల్టేజిని బ్యాటరీ వోల్టేజికి దగ్గరగా తెస్తుంది. తేడా 20 వోల్టుల లోపుకు వచ్చాక కారులోని కాంటాక్టర్లు, అంటే బ్యాటరీని ఛార్జింగ్ దారికి కలిపే పెద్ద స్విచ్‌లు, మూసుకుంటాయి. కారు పక్కన నిలబడి చెవి ఒగ్గితే "టక్, టక్" అని రెండు గట్టి చప్పుళ్లు వినిపిస్తాయి. నేను ఎప్పుడూ ఆ చప్పుడు కోసమే వింటాను. అది వినిపించిందంటే సంభాషణ, తాళం, ఇన్సులేషన్ అన్నీ గట్టెక్కినట్టు. ఆ తర్వాత ఏది చెడినా అది వేడి సంగతో, కరెంటు మోతాదు సంగతో అయి ఉంటుంది. ఆ చప్పుడుకు ముందే ఆగితే పిన్నులు, తాళం, మాటలు, తడి, వీటిలో ఒకటి.

మొదటి కొద్ది సెకన్లలోనే ఆగితే

ఇది అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, అన్నిటికన్నా తేలికగా తీరేది.

అడాప్టర్‌ను కారుకు కాదు, ముందు ఛార్జరు కేబుల్‌కు తగిలించండి. "క్లిక్" అని గట్టిగా వినపడాలి. ఒకసారి లాగి చూడండి, ఊడకూడదు. ఆ తర్వాత రెండూ కలిసిన ముద్దను కారు పోర్టులోకి నేరుగా, ఒక్క తోపుతో దించండి. తమ్ముడు దీన్ని తలకిందులుగా చేసేవాడు. అడాప్టర్‌ను కారులో పెట్టి, దాని మీదికి కేబుల్ తోసేవాడు. అప్పుడు కారు అడాప్టర్‌కు ముందే తాళం వేసేస్తుంది, లేదా అడాప్టర్ కొద్దిగా పక్కకు ఒరిగి ఉండగా కేబుల్ అందులో దిగుతుంది. పైకి చూస్తే అంతా దిగినట్టే కనిపిస్తుంది. లోపల సంకేతపు పిన్నులు పెద్ద పిన్నులకంటే పొట్టిగా ఉంటాయి. ఒక మిల్లీమీటరు వెలితి ఉన్నా పెద్ద పిన్నులు తగులుతాయి, చిన్నవి తగలవు.

రెండో కారణం బరువు. డీసీ కేబుల్ లావుగా, బరువుగా ఉంటుంది. అడాప్టర్ వల్ల ఆ బరువు పోర్టుకు ఇంకా దూరంగా వేలాడుతుంది. దూలం చివర బరువు పెట్టినట్టు, ప్లగ్ పై అంచు బయటికి లాగబడుతుంది, కింది అంచు లోపలికి నొక్కుకుంటుంది. కాబట్టి ప్లగ్ పెట్టాక చేయి తీసేయవద్దు. హ్యాండిల్‌ను కింది నుంచి పైకి ఎత్తి, లోపలికి నొక్కి పట్టుకుని, ఆ "టక్, టక్" వినపడేదాకా నిలబడండి. ఇరవై ముప్పై సెకన్లు పడుతుంది. తమ్ముడి మూడు తగాదాల్లో ఒకటి ఈ ఒక్క పనితోనే తీరింది. కేబుల్ పొడవు చాలక బిగుసుకుని ఉంటే కారును ఒక అడుగు దగ్గరికి జరిపి పెట్టండి, కేబుల్ వదులుగా నేల మీద ఆని ఉండాలి.

మూడోది గొళ్లెం. సీసీఎస్ 1 హ్యాండిల్ మీద ఒక బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కితే ప్రాక్సిమిటీ తీగలోని నిరోధం 150 ఓముల నుంచి 480కి మారుతుంది. కారుకు అది "తీస్తున్నాను, ఆపు" అనే మాట. బొత్తాం దుమ్ముతో ఇరుక్కుపోయినా, గొళ్లెం విరిగినా, మీరు హ్యాండిల్ పట్టుకుంటూ తెలియకుండా దాని మీద వేలు ఆనించినా కారు ఛార్జింగ్ మొదలుపెట్టదు. హ్యాండిల్ ఎత్తి పట్టుకోమన్నాను కదా, బొటనవేలు బొత్తాం మీద లేకుండా చూసుకోండి.

మాటలు కుదరకపోతే

ప్లగ్ బాగా దిగింది, కారు "కనెక్ట్ అయింది" అంటుంది, ఛార్జరు తెర మీద సున్న తిరుగుతూనే ఉంటుంది, అర నిమిషమో నిమిషమో తర్వాత లోపం అని చూపిస్తుంది. ఇది సంభాషణ కుదరని లక్షణం.

ముందు ఆ ఛార్జరు మీ కారుతో మాట్లాడేదేనా అని చూడండి. టెస్లా ఛార్జర్లలో 150 కిలోవాట్ల వీ2 రకం ఇతర తయారీదారుల కార్లతో మాట్లాడదు. 250 కిలోవాట్ల వీ3, ఆ తర్వాతి వీ4 రకాలు మాట్లాడతాయి. వాటిలోనూ అన్ని చోట్లా అందరికీ తెరిచి ఉండవు కాబట్టి యాప్‌లో మీ కారుకు ఆ స్థలం కనిపిస్తోందో లేదో ముందే చూసుకోవాలి. ఎదురు దిక్కున, పాత టెస్లా కార్లలో కొన్నిటికి సీసీఎస్ భాష తెలిసిన భాగం అమర్చి ఉండదు. కారు తెర మీద సాఫ్ట్‌వేర్ పేజీలో అదనపు వాహన సమాచారం తెరిస్తే సీసీఎస్ అడాప్టర్ మద్దతు ఉందో లేదో రాసి ఉంటుంది. లేదని ఉంటే ఎంత మంచి అడాప్టర్ తెచ్చినా ప్రయోజనం లేదు, ఆ భాగం అమర్చుకోవాల్సిందే. ఇతర కార్లకూ ఎన్‌ఏసీఎస్ ఛార్జర్లు వాడుకోవడానికి ముందు సాఫ్ట్‌వేర్ నవీకరణ అవసరం కావచ్చు. అది పెండింగ్‌లో ఉంటే ఇంట్లోనే పూర్తి చేసుకుని బయలుదేరండి.

చెల్లింపు కుదరక ఆగిన సందర్భాన్ని కూడా చాలామంది అడాప్టర్ లోపమనుకుంటారు. యాప్ తెరిచి, మీరు నిలిపిన స్టాల్ (ఒక్కో కారుకు కేటాయించిన ఛార్జింగ్ చోటు) నంబరు సరిగ్గా ఎంచుకుని, మళ్లీ మొదలుపెట్టండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా మాటలు కుదరడం లేదంటే కారుకూ ఛార్జరుకూ కాస్త విరామం ఇవ్వాలి. ఒకసారి విఫలమయ్యాక వెంటనే మళ్లీ మళ్లీ ప్లగ్ తీసి పెడుతూ ఉంటే కొన్ని కార్లు పాత లోపాన్నే పట్టుకుని కూర్చుంటాయి. కేబుల్‌ను దాని స్థానంలో తిరిగి పెట్టండి. అడాప్టర్ తీసేయండి. కారు తలుపులు మూసి, తాళం వేసి, తాళపు చెవితో సహా కొంచెం దూరం వెళ్లి అయిదు నిమిషాలు ఆగండి. కారు నిద్రలోకి జారుతుంది, ఛార్జరు కొత్త కారు వచ్చిందనుకుంటుంది. అప్పుడు మొదటి నుంచి చేయండి. ఛార్జరు మీది ఎర్రటి అత్యవసర బొత్తాంను రీసెట్ కోసం నొక్కవద్దు. అది ప్రాణాపాయం కోసం పెట్టినది. దాన్ని నొక్కితే ఆ ఛార్జరు ఎవరికీ పనికిరాకుండా పోయి, సిబ్బంది వచ్చి సరిచేసేదాకా అలాగే ఉండిపోవచ్చు.

ఇంకా కుదరకపోతే పక్క స్టాల్‌కు మారండి. పక్కదానిలో వెంటనే కుదిరితే మీ అడాప్టర్‌కు, కారుకు ఏ దోషమూ లేదు.

మాటలు కుదిరి, "టక్" వినపడక ముందే ఆగితే

ఇది ఇన్సులేషన్ పరీక్ష దగ్గర పడే మొట్టికాయ. తెర మీద ఐసోలేషన్ లోపం అని రావచ్చు. కారణం దాదాపు ఎప్పుడూ తడే. అడాప్టర్‌ను వెనక డిక్కీలో తడి గొడుగు పక్కన పెట్టినా, వానలో మూత లేకుండా నేల మీద ఉంచినా, చల్లని కారులోంచి వేడి గాలిలోకి తీసినప్పుడు లోపల చెమ్మ పట్టినా ఇలా జరుగుతుంది. అడాప్టర్‌ను రెండు వైపులా కిందికి వంచి నీరు కారనివ్వండి, పొడి బట్టతో బయట తుడవండి, గాలి తగిలేలా ఆరనివ్వండి. పిన్నుల రంధ్రాల్లోకి పుల్లలు, పిన్నీసులు, స్క్రూడ్రైవర్లు దూర్చవద్దు. నూనెలు, తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టవద్దు, వాటికి దుమ్ము అంటుకుని తర్వాత ఇంకా చేటు చేస్తుంది.

పూర్తిగా ఆరాక కూడా అదే లోపం, అది కూడా వేర్వేరు ఛార్జర్ల దగ్గర వస్తోందా? అడాప్టర్ లేకుండా, కారు పోర్టుకు నేరుగా సరిపడే ఛార్జరు దగ్గర ఒకసారి పెట్టి చూడండి. అక్కడా వస్తే లోపం కారులో ఉంది. అక్కడ రాకపోతే అడాప్టర్ లోపల పగులు ఉండవచ్చు. అధిక వోల్టేజి కాపలా తప్పిన చోట ప్రయోగాలు తగవు, ఆ అడాప్టర్‌ను అంతటితో ఆపేయండి.

కొన్ని నిమిషాలు బాగా నడిచి ఆగితే

నాకు బాగా తెలిసిన శత్రువు ఇక్కడ ఉన్నాడు, వదులు కాంటాక్ట్. సబ్‌స్టేషన్లలో నేను చూసిన మంటల్లో ఎక్కువ భాగం ఇలాంటి చిన్న వదులుతోనే మొదలయ్యాయి.

తమ్ముడి రెండో తగాదా ఇదే. ఏ ఛార్జరు దగ్గరైనా ఏడో నిమిషంలోనో ఎనిమిదో నిమిషంలోనో ఆగిపోయేది. పది నిమిషాలు ఆగి మళ్లీ పెడితే ఈసారి నాలుగో నిమిషంలో ఆగేది. మొదటిసారి కంటే రెండోసారి త్వరగా ఆగడం వేడికి తిరుగులేని గుర్తు. మొదటిసారి ఎక్కిన వేడి పూర్తిగా దిగకముందే రెండోసారి మొదలైంది కదా. వాడు చెప్పిన వేళలు కాగితం మీద రాసి చూశాక, "నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు" అన్నాను.

లెక్క చూడండి. కాంటాక్ట్ దగ్గర పుట్టే వేడి, కరెంటును కరెంటుతో గుణించి, దాన్ని నిరోధంతో గుణిస్తే వస్తుంది. 300 ఆంపియర్లు పారుతుంటే, ఒక కాంటాక్ట్ నిరోధం ఓములో పదివేలవ వంతు ఉంటే అక్కడ 9 వాట్ల వేడి పుడుతుంది. అదే నిరోధం వదులు వల్ల అయిదింతలు అయితే 45 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ పుట్టించే వేడి అంతే. అడాప్టర్ లేకపోతే దారిలో ఇలాంటి కాంటాక్టులు రెండు, ప్లస్‌కు ఒకటి, మైనస్‌కు ఒకటి. అడాప్టర్ పెడితే నాలుగు. ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు సోల్డరింగ్ ఐరన్లు పెట్టి మూత వేసినట్టు ఊహించుకోండి. అడాప్టర్‌లోని సెన్సర్ గానీ కారు పోర్టులోని సెన్సర్ గానీ ఛార్జింగ్‌ను ఆపేస్తే, అది మీకు మేలు చేసింది. దానికి కోపం తెచ్చుకోకండి.

నేను వెళ్లి చూసింది ఇది. ఛార్జింగ్ ఆపి, ప్లగ్ తీసి, అడాప్టర్ బయటి తొడుగు మీద అరచేయి ఆనించాను. ఎడమ వైపు గోరువెచ్చగా ఉంది. కుడి వైపు మూడు సెకన్లు కూడా చేయి నిలవలేదు. వేడి ఒక పక్కకే ఉందంటే ఒక్క కాంటాక్టే దోషి. ఫోను లైటు వేసి లోపలికి చూశాను. ఒక పిన్ను వెండి రంగులో మెరుస్తోంది. రెండోది మొదట్లో గోధుమ రంగు, చివర నీలం కలిసిన నలుపు. దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మిగతా చోట్ల గరుకుగా, అక్కడ మాత్రం నున్నగా, కరిగి గట్టిపడినట్టుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన బేకలైట్ వాసన లాంటిది. నెలల తరబడి కేబుల్ ఒక పక్కకే లాగుతూ వేలాడటంతో ఆ పిన్నును పట్టే స్ప్రింగు వేళ్లు సడలిపోయాయి.

మీరూ ఈ పరీక్ష చేయండి. బాగా పనిచేస్తున్న అడాప్టర్‌ను కూడా నెలకోసారి లైటు వేసి చూడండి. రెండు పెద్ద పిన్నులూ ఒకే రంగులో ఉండాలి. తేడా ఉంటే అంతటితో వాడకం ఆపండి. ఇసుక కాగితంతో రుద్ది మెరుగు పెట్టే ప్రయత్నం వద్దు. వాటి మీద పలుచటి వెండి పూత ఉంటుంది, రుద్దితే అది పోయి నిరోధం ఇంకా పెరుగుతుంది.

రంగు మారలేదు, వాసన లేదు, రెండు వైపులా సమంగా వేడెక్కి ఆగుతోంది అంటే అడాప్టర్ సామర్థ్యానికి మించి కరెంటు లాగుతున్నారు, లేదా ఎర్రటి ఎండలో పెట్టి ఉన్నారు. నీడ ఉన్న స్టాల్ వెతకండి. కారులో ఛార్జింగ్ కరెంటు తగ్గించే వీలుంటే తగ్గించండి, లేదా తక్కువ సామర్థ్యం ఉన్న ఛార్జరును ఎంచుకోండి. కరెంటు సగానికి తగ్గితే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. కొన్ని నిమిషాలు ఎక్కువ ఆగినా మధ్యలో ఆగిపోకుండా పూర్తవుతుంది.

ఈ సందర్భంలోనే గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. కరెంటు పారుతుండగా అడాప్టర్‌ను గానీ కేబుల్‌ను గానీ లాగవద్దు. ఏసీ కరెంటు సెకనుకు 100 లేదా 120 సార్లు సున్నా దాటుతుంది కాబట్టి మెరుపు పుట్టినా ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీ సున్నాకు రాదు. మెరుపు పట్టుకుంటే సాగుతూనే ఉంటుంది, లోహాన్ని కరిగిస్తుంది. ముందు కారులోనో యాప్‌లోనో ఛార్జింగ్ ఆపండి. తెర మీద కిలోవాట్లు సున్నాకు వచ్చాయని చూడండి. కారు తాళం తీయండి. అప్పుడు అడాప్టర్, కేబుల్ రెండింటినీ కలిపి కారు నుంచి బయటికి తీసి, ఆ తర్వాతే ఒకదాన్నొకటి విడదీయండి. రెండింటి మధ్య తాళం లేని, చేత్తో లాగితే ఊడివచ్చే చవక రకం అడాప్టర్లను నేను మా ఇంటి కారుకు ముట్టనివ్వను.

ఆగదు గానీ నత్తనడక నడిస్తే

తమ్ముడి మూడో తగాదా ఇది. 350 కిలోవాట్లు అని రాసి ఉన్న ఛార్జరు దగ్గర వాడి కారుకు 90 దాటలేదు. అడాప్టర్ సగం తినేస్తోందని వాడి అనుమానం. అడాప్టర్ అంత తింటే ఈపాటికి కరిగి నీరై ఉండేది.

కిలోవాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించి వెయ్యితో భాగించడం. మీ బ్యాటరీ 400 వోల్టుల తరగతిది, అడాప్టర్ 250 ఆంపియర్లది అయితే గరిష్ఠంగా వచ్చేది 100 కిలోవాట్లు. ఛార్జరు మీద 350 ఉన్నా, 1000 ఉన్నా అంతే. కేబుల్ 500 ఆంపియర్లు ఇవ్వగలిగినా 400 వోల్టుల కారుకు 200 దాటదు. ఆ 350 అంకె 800 వోల్టుల కార్ల కోసం. తమాషా ఏమిటంటే 800 వోల్టుల కార్లకు అడాప్టర్‌తో వేరే చిక్కు వస్తుంది. టెస్లా వీ3 ఛార్జర్లు సుమారు 500 వోల్టుల వరకే ఇస్తాయి. అందులోంచి 800 వోల్టుల బ్యాటరీ నింపాలంటే కారు ఆ వోల్టేజిని తనలోనే పెంచుకోవాలి. కొన్ని కార్లు మోటారును, ఇన్వర్టర్‌ను వాడుకుని పెంచుకుంటాయి, కొన్నిటిలో దానికి విడిగా ఒక పెట్టె ఉంటుంది. ఆ పెట్టె సామర్థ్యం 50 కిలోవాట్లే అయితే ఛార్జింగ్ వేగం అక్కడే ఆగుతుంది. దీనికి మరమ్మతు లేదు, వేరే ఛార్జరును ఎంచుకోవడమే దారి.

కాబట్టి మూడు అంకెలు పక్కపక్కన రాసుకోండి: కారు తీసుకోగల గరిష్ఠ ఆంపియర్లు, ఛార్జరు ఆంపియర్లు, అడాప్టర్ ఆంపియర్లు. మూడింటిలో చిన్నదే మీ వేగం. తమ్ముడి అడాప్టర్ మీద 250 అని చెక్కి ఉంది. లెక్క ప్రకారం 90 అంటే బాగానే పనిచేస్తున్నట్టు.

అయినా లెక్కకంటే బాగా తక్కువ వస్తుంటే బ్యాటరీ చల్లగా ఉందేమో చూడండి. కారు నావిగేషన్‌లో ఫాస్ట్ ఛార్జరును గమ్యంగా పెడితే చాలా కార్లు దారిలోనే బ్యాటరీని వెచ్చబరుస్తాయి. అడాప్టర్‌తో వెళ్లే ఛార్జరు మీ కారు పటంలో లేకపోతే ఆ వెచ్చబరచడం జరగదు. చేత్తో మొదలుపెట్టే వీలుంటే చేరడానికి అరగంట ముందే మొదలుపెట్టండి. బ్యాటరీ 80 శాతం దాటాక వేగం పడిపోవడం సహజం. పక్క స్టాల్‌లో మరో కారు ఉంటే, కొన్ని చోట్ల ఒకే పెట్టె నుంచి ఇద్దరికీ పంచుతారు, అప్పుడూ పడిపోతుంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి

స్టాల్, ఛార్జరు, అడాప్టర్, ప్లగ్ పెట్టే తీరు, ఇవన్నీ ఒకేసారి మార్చేస్తే బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు. ముందు మళ్లీ సరిగ్గా పెట్టండి. తర్వాత పక్క స్టాల్. తర్వాత మరో స్థలం. తర్వాత అడాప్టర్ లేకుండా నేరుగా. చివరగా, వీలైతే తెలిసినవారి అడాప్టర్ అడిగి తెచ్చుకుని ఒకసారి.

ప్రతిసారీ ఒక వరుస రాయండి. తమ్ముడు ఇప్పుడు డ్యాష్‌బోర్డులో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచుకున్నాడు. అందులో ఇలా ఉంటుంది: "సాయంత్రం 6:40, స్టాల్ 3, బ్యాటరీ 22 శాతం, మొదటి నిమిషంలో 88 కిలోవాట్లు, 7 నిమిషాల 20 సెకన్లకు ఆగింది, కుడి వైపు వేడి, తెర మీది అక్షరాల ఫోటో తీశాను." సహాయ కేంద్రానికి ఫోను చేసి ఈ వరుస చదివితే అవతలి వారు స్టాల్ నంబరుతో, వేళతో తమ రికార్డులో చూసి ఛార్జరు వైపు నుంచి ఆగిందా, కారు వైపు నుంచి ఆగిందా చెప్పగలుగుతారు. ఊరికే "పనిచేయడం లేదు" అంటే ప్లగ్ తీసి మళ్లీ పెట్టమనే చెబుతారు.

కాలిన పిన్ను ఉన్న అడాప్టర్‌ను తమ్ముడు ఫోటోలతో, ఆ నోటు పుస్తకంలోని పేజీతో సహా తిప్పి పంపాడు, కొత్తది వచ్చింది. అయితే కొత్తది పెట్టే ముందు నేను వాడిని కారును సర్వీసుకు తీసుకెళ్లమన్నాను. కాలిన పిన్ను తగిలిన కారు పోర్టు పిన్ను కూడా కొంత దెబ్బతిని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే కొత్త అడాప్టర్‌నూ అదే తీరున కాలుస్తుంది. వాళ్లు చూసి పోర్టు మార్చాలన్నారు. మార్చాక మొదటి ఛార్జింగ్‌కు నేనూ వెళ్లాను. ఇరవై ఆరు నిమిషాలు నడిచింది. ఆపి, ప్లగ్ తీసి, రెండు వైపులా అరచేయి పెట్టి చూశాను. రెండూ సమానంగా గోరువెచ్చగా ఉన్నాయి.